లేచిన షట్టర్

నాంపల్లి దవాఖానలో డాక్టర్ శ్రీవిద్య రిపోర్టు మీంచి తలెత్తి నవ్వింది. ఏళ్ళ తరబడి ఆమె దగ్గరికి వస్తున్నా, బాలరాజు ఆ నవ్వు ఎన్నడూ చూడలేదు.

అతని కూతురు చంద్రికకు తలసేమియా, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టు జబ్బు. నెలనెలా ఎవరిదో రక్తం ఎక్కించాలి. కొత్త మాత్ర పనిచేస్తే ఆ బాధ తప్పుతుంది. పనిచేసిందో లేదో ఈ రోజే తేలేది.

మాత్ర మొదలుపెట్టినప్పుడు డాక్టర్ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం రక్తం ఉంటుందని, దాన్ని తయారుచేసే జన్యువు చంద్రికలో చక్కగానే ఉందని, పుట్టాక కొన్ని ప్రోటీన్లు జట్టుకట్టి దాన్ని మూసేస్తాయని. ఈ మాత్రతో కొందరిలో ఆ మూత కొంత సడలుతుందట. ఆదివారాలు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి అమ్ముకునే బాలరాజుకు ఇట్టే అర్థమైంది.

"అంటే దుకాణంల సరుకున్నది. షట్టర్ దించిన్రు. అంతేనా మేడమ్?"

"అంతే. ఒక్కరు కాదు, నలుగురు కలిసి పట్టుకున్న షట్టర్."

ఆ షట్టర్ లేచింది. కడుపులో ఉన్నప్పటి రక్తం చంద్రిక ఒంట్లో మళ్ళీ తయారవుతోంది. ఇక రక్తం ఎక్కించే పని ఉండకపోవచ్చంది డాక్టర్. బాలరాజు చేతులు జోడించాడు.

అప్పుడామె రెండో రిపోర్టు తీసింది. గుండె స్కాన్. నవ్వు ఆగిపోయింది.

గుండెలో ఇనుము పేరుకుపోయింది. ఎక్కించిన రక్తంతో కొంత చేరుతుంది, దాన్ని తీసేసే మందు ఇస్తూనే ఉన్నారు. ఇంత ఎలా చేరిందో ఆమెకు అంతుపట్టలేదు.

"ఇంట్లో ఏమన్నా ఇస్తున్నారా? టానిక్ లాంటిది?"

పాలిపోయిన పిల్లను చూసిన ప్రతివాళ్ళూ రక్తం పట్టే టానిక్ తాగించమన్నారు. అందులో ఉండేది ఇనుమేనని డాక్టర్ మొదట్లోనే వద్దంది. రక్తం తక్కువైన పిల్లకు ఆ టానిక్కే వద్దనడమేమిటని బాలరాజు నమ్మలేదు. రోజూ పొద్దున తన చేత్తోనే తాగించాడు. తిడుతుందని దాచాడు.

"ఇచ్చిన మేడమ్. రోజూ."

ఆమె తిట్టలేదు. అతనికి భయం వేసింది అందుకే.

"గుండె బాగా దెబ్బతిన్నది. ఇప్పుడు ఆపినా ఎన్నాళ్ళు తట్టుకుంటుందో నేను చెప్పలేను."

బయట బెంచీ మీద చంద్రిక కాళ్ళూపుతూ కూర్చుంది. తండ్రీకూతుళ్ళు మొజంజాహీ మార్కెట్ వైపు నడిచారు. కాస్త దూరం పోగానే పిల్ల ఆయాసపడి ఆగింది. ఇన్నాళ్ళూ అది రక్తం తక్కువై వచ్చిందనుకున్నాడు. వంగి ఎత్తుకున్నాడు.

దవాఖానకు వచ్చినప్పుడల్లా ఖర్జూరపు పండ్లు కొనే బండి ఎదురైంది. అతను ఆగలేదు.

"ఖజూర్ కొనవా నాన్నా? రక్తం పెరగాలె గదా."

"పెరిగింది బిడ్డా. డాక్టరమ్మ చెప్పింది."

చంద్రిక కొంచెం ఆలోచించింది.

"మరి గిప్పుడు నేను ఉరకొచ్చా?"

బాలరాజు ఆమెను ఇంకాస్త గట్టిగా భుజానికి హత్తుకుని, ఐస్‌క్రీమ్ దుకాణం వైపు తిరిగాడు.