చుక్క లేని చక్రాలు

తనిఖీ మైదానంలో ఆయనను సుత్తి సారు అనేవారు. ఎదుట మాత్రం ఎవరూ అనేవారు కారు. లారీ గానీ బస్సు గానీ ముందుకు వచ్చి ఆగితే, అరచేతిలో ఇమిడే చిన్న సుత్తి పట్టుకుని ఆయన దాని కింద దూరేవాడు. చక్రం వెనుక ఇనుప గిన్నెలా ఉండి, బ్రేకు నొక్కినప్పుడు బండిని పట్టి నిలబెట్టే డ్రమ్మును నాలుగు వైపులా కొట్టి, తల ఒక పక్కకు వాల్చి వినేవాడు. బాగున్న ఇనుము గంటలా మోగుతుంది. అరిగి పగులు పట్టిన ఇనుము తడిసిన చెక్కలా పలుకుతుంది. ముప్ఫై ఒక్క సంవత్సరాల పాటు ఆ తేడాను విని, మోగినదాని మీద పసుపు రంగుతో ఒక చుక్క పెట్టి, లేచి, దుమ్ము దులుపుకుని తరువాతి చక్రం దగ్గరకు నడిచాడు.

చుక్క పెట్టమని ఏ నిబంధనా చెప్పలేదు. చూసినదాన్నే మళ్లీ చూడకుండా ఉండడానికి ఆయన తనకు తాను చేసుకున్న అలవాటు అది. అందుచేత ఆయన ప్యాంట్లన్నిటికీ కుడి జేబు దగ్గర పసుపు మరక ఉండేది.

"ఈయన బండిని కొట్టేది పది నిమిషాలు, మనల్ని కొట్టేది అరగంట," అని డ్రైవర్లు చాటున నవ్వుకునేవారు. చక్రాల సంగతి ఎత్తితే ఆయన ఒక పట్టాన వదిలేవాడు కాదు మరి. అయితే ఆయన ఎవరి దగ్గరా చేయి చాచడన్న మాటను మాత్రం నవ్వకుండా చెప్పుకునేవారు.

ఆ సంవత్సరం వానలు వెనుకపట్టే రోజుల్లో, బట్టల ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే చిన్న బస్సు ఒకటి వంతెన వాలులో ఆగలేక రాతిగోడను గుద్దుకుంది. కుట్టుపని చేసే ఆడపిల్లలు నలుగురు, డ్రైవరు చనిపోయారు. ఆ బస్సు నడపడానికి యోగ్యమైనదని సుత్తి సారు సంతకం చేసి అప్పటికి పంతొమ్మిది రోజులే అయింది.

విచారణాధికారి చిన్న వయసు స్త్రీ. చెప్పులకు అంటిన బురదను లెక్కచేయకుండా ఆ బస్సు పడి ఉన్న ఆవరణంతా తిరిగింది. సుత్తి సారును పిలిపించి, "మీరు పాస్ చేసిన బండే కదా సార్, ఒకసారి చూడండి," అంది.

ఆయన కింద దూరాడు. మొదటి డ్రమ్మును కొట్టాడు. తడిసిన చెక్క. రెండవది, మూడవది, నాలుగవది, అన్నీ అంతే. జేబులోంచి రుమాలు తీసి, మడ్డి, బురద తుడిచి చూశాడు. నాలుగింటి మీదా ఎక్కడా పసుపు చుక్క లేదు. గట్టిగా రుద్దితే బయటపడుతుందేమోనన్నట్టు మళ్లీ తుడిచాడు. లేదు.

"ఏమైనా ఉందా సార్?" అని పైనుంచి ఆమె అడిగింది.

"ఏమీ లేదు మేడమ్," అన్నాడు.

అబద్ధమాడని మనిషి, ఆ రోజు కూడా తాను అబద్ధమాడలేదని ఇంటికి వెళ్లే దారి పొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకోవలసి రావడమే ఆయనను కుంగదీసింది.

మరునాటి ఉదయం మైదానం గేటు పక్కన బల్ల మీద డ్రైవరు భార్య కూర్చుని ఉంది. చేతిలో ఒక నోటుపుస్తకం.

"అయ్యా, మా ఆయన కునుకు తీశాడని బస్సు యజమాని రాసిచ్చాడు. మీరు బ్రేకు బాగుందన్నారు కాబట్టి ఇక తప్పు మా ఆయనదేనంట. ఇరవై రెండేళ్లు నడిపిన మనిషి అయ్యా. ఇంట్లో మంచమెక్కినా నిద్రపట్టని మనిషి, స్టీరింగు ముందు నిద్రపోయాడంటే నేనెట్లా నమ్మేది?"

"విచారణ జరుగుతోందమ్మా," అన్నాడాయన.

"అది జరిగేదాకా నేను బతకాలి కదయ్యా. చనిపోయిన పిల్లలవి మా వీధే. కుళాయి దగ్గర నా బిందె పక్కకి తోసేస్తున్నారు. నిన్న ఆ చిన్నపిల్ల తల్లి, 'నీ మొగుడి నిద్రకి నా కూతురు పోయింది' అంది. నేను ఏం చెప్పను? తిరిగి తిడదామంటే నోరెట్లా వస్తుంది?" ఆమె నోటుపుస్తకం ముందుకు చాపింది. "ఇది చూడండి. రోజూ రాసి యజమానికి చూపించేవాడు."

పెద్ద పెద్ద అక్షరాలు. బ్రేకు సరిగా పట్టడం లేదు. బ్రేకు పట్టడం లేదు, వాలులో భయంగా ఉంది. తరువాత వరుసగా నాలుగు రోజులు: బ్రేకు బాగుంది. ఆ నాలుగు రోజులలో మూడవది తనిఖీ రోజు. అయిదవ రోజున మళ్లీ అదే మొదటి మాట.

పుస్తకం తిరిగి ఇస్తున్నప్పుడు ఆయన ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

మైదానానికి ఎదురుగా, రోడ్డు దాటితే ఒక మరమ్మతు షెడ్డు. అక్కడ ఒక మూల గోనెపట్టా కింద, దానికంటూ ఒక బండి లేని సామాను ఉండేది: నాలుగు కొత్త టైర్లు, నాలుగు డ్రమ్ములు, వాటి లోపలి లైనింగులు, రెండు దీపాలు, మంటలార్పే ఎర్ర సిలిండరు. షెడ్డు మేస్త్రీ దాన్ని పరీక్ష సెట్టు అనేవాడు. పెళ్లికి ఎరువు తెచ్చుకున్న నగలాగా, సొంత సామాను అరిగిన బండి ప్రతిదీ తనిఖీకి దాన్ని తొడుక్కుని వచ్చి, పాసై, విప్పి ఇచ్చి, తన పాత ఇనుముతో రోడ్డెక్కేది.

ఈ సంగతి సుత్తి సారుకు తెలియదని అనడానికి వీల్లేదు. ఆ అలవాటుకు పునాది వేసింది ఆయనే. పదకొండేళ్ల కిందట, ఒకే ఒక్క బస్సున్న ముసలి యజమాని ఎర్ర సిలిండరు లేక కన్నీళ్లు పెట్టుకుంటే, "ఎదురు షెడ్డులో అడిగి తగిలించుకు రావయ్యా, వారంలో నీది నువ్వు తెచ్చుకో," అన్నాడు. జాలితో అన్న మాటే. మరుసటి నెల ఇంకొకరు దీపం అడిగి తెచ్చుకున్నారు. ఆ తరువాత టైర్లు. చివరకు డ్రమ్ములు. ఆ ఏడాది వేసవిలో ఒక బస్సు కింద దూరినప్పుడు, డ్రమ్ము మీద అప్పటికే ఎనిమిది పసుపు చుక్కలు కనిపించాయి. ఎనిమిదీ ఆయనవే. ఎనిమిది వేర్వేరు బస్సులవి. సుత్తితో కొట్టాడు, గంటలా మోగింది. తొమ్మిదవ చుక్క పెట్టాడు.

ఎందుకు పెట్టావని అడిగితే ఆయన దగ్గర సమాధానాలు లేకపోలేదు. బండికి ఉన్నదాన్ని పరీక్షించమన్నారు గానీ అది ఎవరిదని అడగమనలేదు. అన్నీ ఆపేస్తే ఊళ్లో సగం బస్సులు మూలబడతాయి. పనికి వెళ్లేవాళ్ల కడుపు కొట్టినట్టవుతుంది. బాగున్నదాన్ని బాగుందనడం తప్పెలా అవుతుంది? సమాధానాలు పోగుచేసుకుంటూ పోయే మనిషికి ప్రశ్న ఏమిటో ముందే తెలిసి ఉంటుంది.

ఆ మధ్యాహ్నం రోడ్డు దాటి షెడ్డుకు వెళ్లాడు. మేస్త్రీ స్టూలు తుడిచి వేశాడు. ఆయన కూర్చోలేదు.

"ఆ ఫ్యాక్టరీ బస్సు డ్రమ్ములు ఎప్పుడు విప్పావు?"

"పాసైన మర్నాడు సారూ. ఇంకో బండి లైన్లో ఉంది మరి." మేస్త్రీ చేతులకంటిన గ్రీజును అక్కర్లేకపోయినా తుడుచుకుంటూ ఉండిపోయాడు. "ఆ డ్రైవరు ఇక్కడే కూర్చుని కాళ్లావేళ్లా పడ్డాడు సారూ. 'ఇంకొక్క వారం ఉంచు మేస్త్రీ, వంతెన వాలు ఉంది, ఆడపిల్లలు ఎక్కుతారు' అన్నాడు. వాళ్ల యజమానే ఫోన్లో విప్పేయమన్నాడు."

"నువ్వు విప్పావు."

"విప్పాను." మేస్త్రీ తల ఎత్తాడు. "సారూ, తప్పుగా అనుకోకండి. అడిగి తగిలించుకోమని మొదట చెప్పింది మీరే. మీరు చుక్క పెట్టి వదిలేస్తుంటే మేమంతా ఏమనుకున్నాం? సారుకి తెలుసు, సారు ఒప్పుకున్నాడు అనుకున్నాం."

గోనెపట్టా కింద సామాను లేదు. ఇంకో బండికి తొడిగి పంపారు.

ఆయన ఇంట్లో అక్క ఒక్కతే ఉంటుంది. టెలిఫోను ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. తమ్ముడి బట్టలు ఇంకొకరి చేత ఉతికించదు. పసుపు మరకలతో ముప్ఫై ఏళ్లుగా ఆమెకు పోరాటం. సాయంత్రం దండెం మీద బట్టలు ఆరేస్తూ, రుమాలును ఆయన ముఖం ముందు ఆడించింది.

"మూడుసార్లు సబ్బు పెట్టాను, ఈ మడ్డి వదల్లేదు. ఎక్కడ తుడిచావురా ఇంతగా?"

"ఆ బస్సు డ్రమ్ములు తుడిచానక్కా."

"నీ చుక్కలున్న డ్రమ్ములు తుడిస్తే పసుపు అంటాలి కదా. నా తలగడ గలీబులకి కూడా అంటించిన మనిషివి. దీనికేదీ?"

ఆమె రుమాలును మెల్లగా తాడు మీద వేసి, క్లిప్పు పెట్టి, తిరిగింది. అప్పుడు ఆయన చెప్పాడు. సిలిండరు దగ్గర మొదలుపెట్టి తొమ్మిదవ చుక్క, డ్రైవరు నోటుపుస్తకం దాకా, ఏదీ దాచకుండా చెప్పాడు. మధ్యలో ఆమె ఒక్కమాట అడ్డం రాలేదు. చెవికి ఫోను ఆనించుకుని పరాయివాళ్ల కష్టసుఖాలు కలిపిన మనిషికి వినడం వచ్చు.

"రిటైరవడానికి మిగిలిన ఆ నాలుగు నెలలూ పూర్తిచేసి, గౌరవంగా దిగిపోదామనుకున్నావు," అంది చివరికి.

"అనుకున్నాను."

"చనిపోయినవాడు వచ్చి ఏం చెప్పలేడు కదా అని కూడా అనుకున్నావు."

"అక్కా!"

"అరవకు. ఇనుము ఏమంటుందో వినడానికి అంతంత సేపు తల వాలుస్తావే, ఆ డ్రైవరు పుస్తకంలో రోజూ రాస్తే వినడానికి ఎవరికీ తీరలేదు. ఇప్పుడు చదివినవాడివి నువ్వొక్కడివే." ఆమె ఖాళీ బకెట్టు ఎత్తుకుంది. "అన్నానికి లే. రేపు ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లు."

మరునాడు విచారణాధికారి ఆయన చెప్పినదంతా తన చేత్తో రాసుకుంది. పరీక్ష సెట్టు అన్న చోట కలం ఆపింది.

"ఇది మీకు తెలుసా సార్?"

"తెలుసు మేడమ్."

"తెలిసీ సంతకం చేశారు."

"చేశాను. ఆ బస్సు బ్రేకు చెడిపోయిందని డ్రైవరు రాస్తూనే ఉన్నాడు. ఆయన నిద్రపోలేదు. నిద్రపోయింది మేము."

"ఈ కాగితం ముందు మిమ్మల్నే పట్టుకుంటుంది సార్. యజమానికి పెద్ద వకీళ్లున్నారు, మీకు ఎవరూ లేరు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకుంటూ కూర్చోబట్టే ఇంతదాకా వచ్చింది," అన్నాడు. కలం అడిగి తీసుకుని సంతకం పెట్టాడు.

ఆ వారంలోనే ఆయనను విధుల నుంచి తప్పించారు. యజమాని బెయిలు తెచ్చుకున్నాడు. మేస్త్రీ షెడ్డుకు తాళం పడింది. పరీక్ష సెట్టు ఏ బండి కింద ఉండిపోయిందో ఎవరికీ అంతుపట్టలేదు. మైదానంలోకి కొత్త అధికారి వచ్చాడు. నివేదిక పైకి వెళ్లిందన్నారు. ఎంత పైకి వెళ్లిందో, ఎప్పుడు కిందికి దిగుతుందో చెప్పేవారు లేరు. అది దిగేదాకా డ్రైవరు పేరు పక్కన నిర్లక్ష్యం అన్న మాట అలాగే ఉంటుంది, కుళాయి దగ్గర ఆమె బిందె పక్కకు జరుగుతూనే ఉంటుంది.

అందుకే ఒక ఉదయం ఆయన ఆ వీధికి వెళ్లాడు. నీళ్లు వదిలే వేళ. బిందెలు వరుసగా ఉన్నాయి. అన్నిటికన్నా చివర, వరుసకు కాస్త ఎడంగా, డ్రైవరు భార్య తన బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆయనను చూసి కంగారుగా కొంగు సర్దుకుంది.

"అమ్మా, మీ అందరితో ఒక మాట చెప్పాలి," అన్నాడాయన. "ఆ బస్సుకు బ్రేకు బాగుందని సంతకం పెట్టింది నేను. తనిఖీ రోజున దానికి తగిలించినవి అరువువి. మర్నాడే విప్పేశారు. వద్దని డ్రైవరు బతిమాలాడు. ఆయన కునుకు తీయలేదు. ఆ అరువు సంగతి నాకు తెలుసు. నేను ఆపలేదు."

బిందెల చప్పుడు ఆగిపోయింది. కుళాయి దగ్గర ఒక స్త్రీ లేచి నిలబడింది. చనిపోయిన నలుగురిలో చిన్నపిల్ల తల్లి ఆమేనని ఎవరూ చెప్పనవసరం లేకపోయింది; ఆమె భుజం మీద ఫ్యాక్టరీ పనివాళ్ల నీలం చున్నీ ఉంది, అంచు దగ్గర చిరిగి.

"తెలుసా?" అంది.

"తెలుసు."

"మా పిల్ల ఎక్కే బస్సని తెలుసా?"

"ఎవరు ఎక్కుతారో నేను ఎప్పుడూ అడగలేదమ్మా."

తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు, కొడితే నిలబడదామనుకున్నాడు. ఆమె ఆయనను నిలువునా చూసి, ఆయన అక్కడ లేనట్టుగా తల తిప్పుకుంది. కుళాయి కింద సగం నిండిన తన బిందెను పక్కకు లాగింది. వరుసంతా దాటుకుని వెళ్లి, డ్రైవరు భార్య చేతిలోని బిందె తీసుకువచ్చి, ధార కింద పెట్టింది.

"పట్టుకో. నీళ్లు ఆగిపోతాయి మళ్లీ," అంది.

డ్రైవరు భార్య ఏడవడానికి కూడా తీరిక లేనట్టు బిందె అంచు పట్టుకుని వంగింది. ఖాళీ బిందెలో ధార పెద్దగా మోగి, నిండుతున్న కొద్దీ ఆ మోత తగ్గుతూ వచ్చింది. ఆయన తల కాస్త వాల్చి వింటూ నిలబడ్డాడు. కూర్చోమని గానీ, వెళ్లిపొమ్మని గానీ ఆయనతో ఎవరూ అనలేదు.