వచ్చినవాళ్ళ చెయ్యి, రానివాళ్ళ చెయ్యి

ఏమే కోడలా, టీచరు ఉద్యోగం వచ్చిందని నడక కూడా మార్చేశావట. కూచో. అప్పుడే బెత్తం పట్టుకున్నట్టు అలా చూడకు, నేనేం హోంవర్కు ఎగ్గొట్టి రాలేదు. ట్రైనింగులో నీకు బోలెడు చెప్పి ఉంటారు. పైవాళ్ళను బురిడీ కొట్టించడం ఎలాగో మాత్రం చెప్పి ఉండరు. అది నేను చెప్తాను. మధ్యలో ఆవలించావంటే నిన్ను మళ్ళీ ఒకటో తరగతిలో కూచోబెడతాను. నవ్వకు, ఈ కథలో అందరి ప్రాణం మీదికీ తెచ్చింది ఆ బెదిరింపే.

లారీ షెడ్ల వెనక ఒక బడి ఉండేది. రేకుల కప్పు, ఒకే పొడుగాటి హాలు, మధ్యలో చెక్క అడ్డం. అటు ఒకటో తరగతి, ఇటు రెండో తరగతి. ఆ అడ్డం కప్పు దాకా లేదు కాబట్టి అటువాళ్ళ కూడికలు ఇటు వచ్చి పడేవి, ఇటువాళ్ళ పాఠాలు అటు వెళ్ళి పడేవి. షెడ్డులో ఎవరైనా రేకు మీద సుత్తి మొదలుపెడితే రెండు తరగతులూ కలిసి నోరు మూసుకునేవి. లారీలు కడిగేవాళ్ళ పిల్లలు, పాత ఇనుము ఏరేవాళ్ళ పిల్లలు. వాళ్ళ ఇళ్ళలో అచ్చక్షరం కనబడాలంటే బిస్కెట్ల పొట్లం మీద కనబడాలి.

రెండో తరగతి టీచరుకు పిల్లలు పెట్టిన పేరు గబగబ టీచరు. ఆవిడ కూచోగా చూసినవాళ్ళు లేరు. బోర్డు మీద ఒక వాక్యం రాస్తుంది, సగంలో కిటికీ మూస్తుంది, తిరిగి వచ్చేసరికి తను రాసిందే చెరిపేస్తుంది. పుస్తకం పూర్తి చెయ్యాలి, అదొక్కటే ఆవిడ ధ్యాస. పాఠం తరవాత పాఠం రైలుపెట్టెల్లా దాటిపోయేవి. మైకు అని ఒక కుర్రాడు ఉండేవాడు, గొంతు అలాంటిది. వాడు పైకి చదివితే మిగిలినవాళ్ళంతా వాడి వెనకే అందుకునేవారు. హాలు మారుమోగిపోయేది. ఆ మోత వినగానే టీచరుకు కడుపు నిండిపోయేది.

ఒకరోజు పెద్దసారు గుమ్మంలో నిలబడి పిలిచాడు. పెద్దసారంటే ఆ బడి హెడ్మాస్టరు.

"పెద్ద ఆఫీసరు గారు వస్తున్నారమ్మా. రెండో తరగతి పిల్లల చేత స్వయంగా చదివిస్తారట. చదవలేనివాళ్ళను ఒకటికి దించెయ్యమన్నారు."

"ఎంతమందిని సార్?"

"ఎంతమంది రాకపోతే అంతమందిని. తరగతిలో సగం మంది పోతే ఇంక తరగతేముంది. మిగిలినవాళ్ళని పక్కబడికి పంపేస్తాను. మీరు స్టోరు రూములో కూచుని చాక్‌పీసులు లెక్కపెట్టుకుందురు గాని."

స్టోరు రూములో కూచోవడమా? అసలు కూచోవడమే తెలియని మనిషి టీచరు.

"కంగారు పడకండి. మీకు సాయానికి ఒక మేడమ్‌ని పంపిస్తున్నారు. వారంలో కొన్ని రోజులు మీ తరగతిలోనే ఉంటారు," అన్నాడు పెద్దసారు.

సాయం అనే మాట టీచరు చెవికి నిఘా అని వినబడింది. ఆ వచ్చినావిడ ఎన్నో ఏళ్ళు ఒకటో తరగతికే పాఠం చెప్పి రిటైరైన మనిషి. వచ్చీ రాగానే వెనక బెంచీ మీద, పిల్లల మధ్య, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూచుంది. ఆ పూటే పిల్లలు ఆవిడకు వెనకబెంచీ మేడమ్ అని పేరు పెట్టేశారు.

టీచరు ముళ్ళ మీద నిలబడ్డట్టే ఉంది ఆ పూటంతా. మైకు చేత మొదలుపెట్టించింది. తరగతి దద్దరిల్లింది. చివర్లో ఎలా ఉంది అన్నట్టు వెనక్కి చూసింది.

బెల్లు కొట్టాక మేడమ్ అడిగింది. "ఆ చివరి పాప పేరేంటమ్మా?"

"పిచ్చుక అంటారండి. గొంతు వినబడదు."

"గొంతు సంగతి సరే. దాని వేలు చూశారా? నోరు పేజీ చివర ఉంది, వేలు ఇంకా మొదటి ముక్క మీదే ఉంది. దాని పక్కవాడు బొమ్మ మీద వేలు పెట్టి చదివేశాడు. ఇంకొకడు అసలు పుస్తకమే తెరవలేదు, ఆపకుండా మొత్తం అప్పజెప్పాడు."

టీచరు ఒప్పుకోలేదు. "గుణింతాలు అందరికీ వచ్చండి. కావాలంటే అడగండి."

"పిచ్చుకనే అడిగాను. 'కీ' చూపించమన్నాను. క దగ్గర పాట మొదలుపెట్టి కా, కి అనుకుంటూ వచ్చి, కీ దగ్గర బ్రేకు పడక కౌ దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది."

టీచరుకు తల కొట్టేసినట్టయింది. ఆవిడకు కోపం కూడా వచ్చింది, కాని ఎవరి మీద వచ్చిందో తెలియలేదు. "నేను పుస్తకంలో చివరికొచ్చేశాను మేడమ్. ఇప్పుడు మళ్ళీ అక్షరాల దగ్గరికి వెళ్తే ఎలా? ఆఫీసరు గారు వచ్చేస్తారు."

"మీరు చివరికొచ్చేశారు. పిల్లలు ఎక్కడున్నారో చూసుకున్నారా? బస్సు బయల్దేరింది గాని ఎక్కాల్సినవాళ్ళు స్టాపులోనే ఉన్నారు. రేపు నేను చెప్తాను పాఠం, మీరు నా బెంచీలో కూచోండి."

మర్నాడు మేడమ్ పాఠం చెప్పింది. అది కూడా అంత గొప్పగా ఏం సాగలేదు. షెడ్డులో సుత్తి మొదలైంది, ఇద్దరు కొట్టుకున్నారు, ఎవర్ని ఏది అడిగినా మైకే జవాబు చెప్పేశాడు. మేడమ్ చెమట తుడుచుకుంటూ వచ్చి, "వాణ్ణి ఆపడం నా వల్ల కూడా కాలేదు. ఏం చేద్దామంటారు?" అని అడిగింది. అలా ఒకళ్ళు తనని సలహా అడగడం టీచరుకు కొత్త.

"వాడికి వేరే పుస్తకం ఇచ్చి మూల కూచోబెడదామా? చదివింది తరవాత మనకి కథలా చెప్పమందాం."

"అదే చేద్దాం."

ఆ రోజు నుంచి పాట బందు. అక్షరాల ముక్కలు కత్తిరించి నేల మీద పరిచేవారు. కిటికీ అన్న మాట పిల్లలే కట్టాలి, కట్టి వెళ్ళి కిటికీని ముట్టుకుని రావాలి. ఒక గుంపు ముక్కలతో ఆడుతుంటే ఇంకో గుంపు టీచరు చుట్టూ చేరి, ఒక్కొక్కరూ ఒక్కొక్క వాక్యం వేలు పెట్టి చదవాలి. గబగబ టీచరు నేల మీద కూచోవలసి వచ్చింది. మొదట్లో ఆవిడ కాళ్ళు ఊరుకునేవి కావు. పిచ్చుక 'పలక' దగ్గర ప అని ఆగి, ల కోసం రేకుల కప్పు వైపు చూస్తూ ఉంటే, ఆ మాట తనే చెప్పేసి పేజీ తిప్పెయ్యాలని టీచరు నాలుక దురదపెట్టేది.

"ఆగండి. మింగండి," అనేది వెనక నుంచి మేడమ్.

టీచరు మింగేది.

ఇంటికి వెళ్ళినా ఆవిడకు నిలకడ లేదు. కూర కలుపుతూ పెదవులు కదిపేది. పెనిమిటి, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అని అడిగితే, "పిచ్చుకతో" అనేది. పాపం ఆయన కిటికీ వైపు చూసేవాడు.

"ఇంకా రావడం లేదు మేడమ్," అని రోజూ అదే పాట. "ఒత్తు దగ్గర ఆగిపోతోంది. మచ్చ అనలేక మచ అంటోంది. రానివాళ్ళు రానివాళ్ళలాగే ఉన్నారు."

"మీరు ఆగినచోటే వింటున్నారమ్మా. ఆగకుండా దాటిన మాటలు మీ చెవిన పడటం లేదు. ఆ రానివాళ్ళు అన్న మాట కూడా పిల్లల ముందు అనకండి. వాళ్ళు నమ్మేస్తారు."

టీచరు తలూపింది. తలూపడం తేలిక. ఆఫీసరు రేపు వస్తాడనగా ఆవిడ కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరిగింది. మేడమ్ ఆ రోజు వేరే బడికి వెళ్ళింది. అడిగేవాళ్ళు లేరు కదా అని టీచరు తలుపు దగ్గరగా వేసి, పిల్లల ఎదురుగా నిలబడింది.

"రేపు ఆఫీసరు గారి ముందు ఎవరు చదువుతారు అని అడుగుతాను. అందరూ చెయ్యెత్తాలి. ఒక్కళ్ళు కూడా ఎత్తకుండా ఉండొద్దు."

"రానివాళ్ళం కూడానా?" అంది పిచ్చుక.

"రానివాళ్ళు కూడా. కాని గుర్తు పెట్టుకోండి. బాగా వచ్చినవాళ్ళు ఈ చెయ్యి ఎత్తాలి." టీచరు తన కుడిచెయ్యి ఎత్తింది. "రానివాళ్ళు ఈ చెయ్యి." ఎడమది ఎత్తింది. "రానివాళ్ళని నేను పిలవను. మీకు భయం లేదు. ఏదీ, ఎత్తండి."

తరగతి మొత్తం చేతుల అడవిలా లేచింది. ఎటు చూసినా చేతులే. ఆ కళ చూసేసరికి టీచరుకు ఎన్నాళ్ళకో ఊపిరి తిరిగింది. ఇంకోసారి చేయిద్దామనుకునేలోగా బెల్లు కొట్టేశారు, పిల్లలు గుమ్మంలో పడ్డారు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. ముందు కుర్చీ వేస్తే కూచోలేదు. "నేను వెనక నిలబడతాను, మీరూ ఇలా రండి టీచర్. మీరు ఎదురుగా ఉంటే కళ్ళతో అందిస్తారు," అన్నాడు. పెద్దసారు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. వెనకబెంచీ మేడమ్ లేచి ఆయనకు దారి ఇచ్చింది. ఆఫీసరు తన సంచీలోంచి ఎవరూ చూడని కొత్త కథల పుస్తకం తీశాడు.

టీచరు వెళ్ళి ఆయన పక్కన, పిల్లల వెనక నిలబడింది. "ఎవరు చదువుతారర్రా?" అంది.

చేతులన్నీ లేచాయి. ఆఫీసరు కనుబొమలు కూడా లేచాయి. టీచరు గబగబా వెతికింది. కుడిచేతులు, కుడిచేతులు. మైకు ఎడమచెయ్యి ఎత్తి ఊపుతున్నాడు. ఈ వెధవకి ఇవాళే వేళాకోళం కావాలా అనుకుంది. రెండో వరసలో బొంగరం అనే కుర్రాడి కుడిచెయ్యి కనబడింది. వాడికి ఎప్పుడొచ్చిందబ్బా అనుకుంటూనే పిలిచింది. తప్పదు, చెయ్యి ఎత్తాడుగా.

బొంగరం లేచాడు. బెదురుగా వెనక్కి చూశాడు. తరవాత పుస్తకంలో వేలు పెట్టాడు. ఒక్కో మాటా గుంజ పీకినట్టు పీకి బయట పెట్టాడు. కాని పెట్టాడు. ఇంకొక పిల్ల చదివింది. ఇంకొకడు చదివాడు.

"ఆ చివరి పాప?" అన్నాడు ఆఫీసరు.

పిచ్చుక. టీచరు చప్పున అటు చూసింది. కుడిచెయ్యే. సగమే ఎత్తింది గాని కుడిచెయ్యే. "చదువమ్మా," అంది.

పిచ్చుక చాలాసేపు లేవలేదు. లేచాక చాలాసేపు మాట్లాడలేదు. షెడ్డులో ఎవరో సుత్తి మొదలుపెట్టారు. టీచరు నాలుక కొసకు మాట వచ్చింది. మింగింది.

"కుక్క... పిల్ల బురదలో," అంది పిచ్చుక. "దొ... దొలి... దొర్లింది. తాతయ్య చొక్కా మీద మచ... మచ్చలు పడ్డాయి."

"ఊఁ. తాతయ్య ఏం చేసి ఉంటాడు?" అని అడిగాడు ఆఫీసరు. పుస్తకంలో అది లేదు.

"కడిగేసి ఉంటాడండీ."

"చొక్కానా, కుక్కపిల్లనా?"

"రెండూనండీ. మా నాన్న లారీ కడిగేటప్పుడు మమ్మల్ని కూడా కడిగేస్తాడు."

ఆఫీసరు నవ్వు ఆపుకోలేక కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు పెద్దసారుతో అందరూ వినేలా అన్నాడు. "వీళ్ళలో ఒక్కళ్ళనీ కిందికి దించొద్దు. ఈ తరగతి ఈ టీచరు దగ్గరే ఉండాలి."

కారు చప్పుడు దూరమయ్యాక టీచరు ముందు కుర్చీలో కూలబడింది. తరగతి మొత్తం ఆ వింత చూసింది. ఆఫీసరును ఎలా బుట్టలో వేశానో అని లోపల్లోపల పొంగిపోతూ, పిచ్చుకను దగ్గరికి పిలిచింది.

"ఎంత ధైర్యమే నీకు. వచ్చినవాళ్ళ చెయ్యి ఎత్తావా?"

"లేదు టీచర్. రానివాళ్ళ చెయ్యే ఎత్తాను. పిలవనన్నారుగా మీరు."

"అదేంటే, కుడిచెయ్యి ఎత్తావు కదా."

"ఏమో టీచర్. మీరు ఎదురుగా నిలబడి చూపించారుగా. మీ చెయ్యి ఎటు వైపు లేస్తే మేమూ అటు వైపుదే ఎత్తాం."

టీచరు లేచి, ఎదురుగా నిలబడి, తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. పిల్లలంతా బుద్ధిగా అటు వైపు చెయ్యే ఎత్తారు. అన్నీ ఎడమచేతులు. వెనక బెంచీలో మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది.

మైకు ఒక్కడు మాత్రం చెయ్యి ఎత్తలేదు. మూతి ముడుచుకుని, భుజం నొక్కుకుంటూ లేచాడు.

"నొప్పెట్టేదాకా ఎత్తుకుని కూచున్నాం టీచర్, వచ్చినవాళ్ళం. ఒక్కళ్ళని కూడా పిలవలేదు. అంతా రానివాళ్ళే చదివేశారు."