ఏ చక్రానికో తెలియని గొలుసు

నేను ఒక ఇనుప గొలుసుని. తలుపుకు వేసేదాన్ని కాదు, కుక్కను కట్టేదాన్నీ కాదు. మంచులో జారిపోకుండా కారు టైరుకు చుట్టేదాన్ని. ఈ సంగతి చాలాకాలం నాకే తెలియలేదు. లూధియానాలో ఓ కొలిమి పక్కన నన్నూ నా జంటనూ చేసి గోనెసంచిలో కుక్కినప్పుడు ఎవరూ చెప్పలేదు. మనాలీ దుకాణదారు మాతో మేకను కట్టేశాడు. తర్వాత వచ్చిన టాక్సీవాడు గాలికి టార్పాలిన్ ఎగరకుండా మమ్మల్ని బరువు పెట్టాడు. మమ్మల్ని దేనికోసం చేశారో దానికి తప్ప అన్నిటికీ పనికొచ్చాం.

చివరికి కూర్మారావు చేతికొచ్చాం. ఆయనది టెక్కలి. ఉద్యోగం మాత్రం మనాలీ అవతల మంచుకొండల మధ్య, లాహౌల్ లోయలోని ఒక చిన్న ఊరి బ్యాంకులో. ఆయన మమ్మల్ని డిక్కీలో పడేసి మరిచిపోయాడు. భార్య దమయంతి ఆ చలికాలం ఆయనతో ఉండటానికి వచ్చింది. ఒకరోజు నన్ను బయటకు తీసి, "ఇదేటండీ, బట్టలారేసుకోడానికా?" అని అడిగింది. "కాదే, మంచులో కారు టైర్లకి కట్టీది" అని ఆయన నవ్వాడే గాని, ఏ టైర్లకో చెప్పలేదు.

జనవరిలో ఒక ఉదయం కూర్మారావు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. కుడివైపు నొప్పి, జ్వరం, వాంతులు. ఫోన్లో డాక్టరు అపెండిక్స్ కావచ్చనీ, ఆలస్యం చేయొద్దనీ అన్నాడు. ఆసుపత్రి పద్నాలుగు కిలోమీటర్లు. రాత్రంతా కురిసిన మంచు చీలమండలు మునిగేంత ఉంది. అంబులెన్సు రావాలంటే ముందు మంచు తోసే బండి రావాలి. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

దమయంతికి లైసెన్సు ఉంది. కానీ ఆమె నడిపిందంతా టెక్కలి రోడ్ల మీద, గేదెల మధ్య. ఇంటి యజమాని ఆంగ్‌రూప్, డెబ్బై ఏళ్ల ముసలాయన, "నేనూ వస్తాను బేటీ" అంటూ చేతికర్ర తీసుకుని ఎక్కాడు.

ఆమె మమ్మల్ని వెనక చక్రాలకు కట్టింది. వేళ్లు మొద్దుబారి, కొక్కెం పట్టడానికే అరగంట పట్టింది. నేనైతే పొంగిపోయాను. ఇన్నాళ్లకు నా పని దొరికింది! తీరా మొదటి ఎత్తు దగ్గరే ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, కారు కదల్లేదు.

వెనక సీటులో పడుకున్న కూర్మారావు మూలుగుతూ, "ఎనక టైర్లకి కట్టీసినావేటే? ఇంజిను తిప్పీది ముందు సక్రాల్ని కదా!" అన్నాడు.

"లారీకి బలమంతా ఎనకాలే కదా అనుకున్నాను. నాకేటి తెలుసు?" అంటూనే దిగి విప్పి, ముందు చక్రాలకు మళ్లీ కట్టింది. ఈసారి మంచును పళ్లతో కరిచినట్టు కరిచాం. కారు ఎక్కింది.

దిగుడు మొదలయ్యాక ఆకాశమేదో నేలేదో తెలియలేదు. అంతా ఒకటే తెలుపు. రోడ్డెక్కడ ఆగుతుందో, లోయెక్కడ మొదలవుతుందో చక్రం మీదున్న నాకే అర్థం కాలేదు. మలుపులో కారు వెనకభాగం పక్కకు ఈడ్చుకుపోయింది.

"బ్రేకెయ్యే! బ్రేకు!" కూర్మారావు అరిచాడు.

"బ్రేకు వద్దు బేటీ, వద్దు!" ఆంగ్‌రూప్ అరిచాడు.

"ఒకలెయ్యమంటారు, ఒకలొద్దంటారు! ఇద్దరూ ఊరుకోండి!" అంటూ దమయంతి పెడళ్ల మీంచి రెండు కాళ్లూ తీసేసింది. మొదటి గేరులోనే ఉన్న కారు ఇంజిను బిగపట్టడంతో నెమ్మదించింది. స్టీరింగు కొద్దికొద్దిగా తిప్పింది. చివర్లో మెల్లగా బ్రేకు నొక్కితే, రోడ్డు పక్క రాయికి జానెడు దూరంలో కారు ఆగింది.

ఆంగ్‌రూప్ దిగాడు. "నా కళ్లకు పొర కమ్మింది గాని, ఈ దారి కాళ్లకు తెలుసు. నా వెనకే రా" అని కర్రతో మంచును పొడుస్తూ ముందు నడిచాడు. ఆయన ఎర్రకోటునే చూస్తూ ఆమె రెండు కిలోమీటర్లు నడిపింది. నడకలో సగం వేగం. వెనక మూలుగు ఆగినప్పుడల్లా, "ఏవండీ, పలకండీ" అనేది. "ఊఁ" అనగానే మళ్లీ రోడ్డుకేసి చూసేది.

తర్వాత ఆసుపత్రి వైపు నుంచి మంచు తోసిన తారురోడ్డు వచ్చింది, ఆంగ్‌రూప్ మళ్లీ కారెక్కాడు. అక్కడ మమ్మల్ని విప్పేయాలి. ఆమెకు తెలియదు, చెప్పే స్థితిలో కూర్మారావు లేడు. వట్టి తారు మీద పరుగెత్తి పరుగెత్తి, ఆసుపత్రి గేటు దగ్గర తెగిపోయాను. ఆమె నన్ను లాగి గోడవార పారేసి, ఆయన్ని లోపలికి తీసుకెళ్లింది. అక్కడ పాత మంచాలూ తుప్పు బకెట్లూ నాకు చోటిచ్చాయి.

మధ్యాహ్నం దాటాక ఆమె ఆంగ్‌రూప్‌తో బయటికొచ్చింది. ఆపరేషన్ అయింది, ఇంకో గంటయితే అపెండిక్స్ పగిలేదని డాక్టర్లు అన్నారట. మళ్లీ కురిసిన మంచులో ఆవరణలోని కార్లన్నీ ఒకేలాంటి గుట్టలయ్యాయి. ఆమె ఒక్కో గుట్ట దగ్గరా నంబరు తుడిచి చూసి, నాలుగోది తమదేనని తెలిశాక దాని ముందు కూలబడింది.

"తాతా, ఇంత దూరం బండి ఎవరు నడిపారు?" అని హిందీలో అడిగింది.

"నువ్వే బేటీ" అన్నాడు ఆంగ్‌రూప్.

ఆమె నమ్మలేనట్టు చేతులు తిప్పి చూసుకుంది. రెండు అరచేతుల నిండా నా తుప్పు.