ఏకగ్రీవానికి అడ్డం

సర్పంచ్ పదవికి గ్రామాభివృద్ధి కమిటీ ఒక్క పేరే ఖాయం చేసింది. దానికి దీపిక నామినేషన్ ఒక్కటే అడ్డం. వాపసు తీసుకోకపోతే దీపిక వాళ్ల వరికి కోత మిషన్ రాదని ఊరంతా చాటింపు వేయించారు. గడువు మూడింటి వరకే.

రెండున్నరయింది. దీపిక వాకిట్లో నిలవలేక ఇటూ అటూ తిరుగుతోంది. తండ్రి రాయమల్లు బండి స్టార్ట్ చేశాడు.

"ఎక్కు బిడ్డా. మండలాఫీసుల వాపసు సంతకం పెట్టి వద్దాం."

"డిగ్రీ దాక చదివిన నేను, బాపూ. సర్పంచ్‌కు ఒక్కపారన్న ఓటెయ్యలే. ఎప్పుడు జూసినా ఏకగ్రీవమేనాయె!"

"యాభై ఏండ్లొచ్చినా నేనేసిన్నా?" అని కసిరాడు రాయమల్లు.

ఆ మాట తన చెవిన తనకే పడ్డట్టయింది. బండి ఆపేశాడు.

"మిషన్ రాకుంటె మానె. కొడవండ్లు తియ్యుమను మీ అవ్వను."