తిమ్మప్ప తెల్ల అంగి

టిఫిన్ డబ్బా బల్ల కింద పెట్టి, కుర్చీ మీది దుమ్ము తువ్వాలతో దులిపి, తిమ్మప్ప కంప్యూటర్ మీట నొక్కాడు. రోజూ తెర వెలగగానే గుండ్రటి బొమ్మ కింద అతని పేరు కనబడేది. దాని మీద ఒక్క నొక్కు నొక్కితే అతని సామానంతా కళ్ల ముందు పరుచుకునేది. ఈ సోమవారం పొద్దున ఆ పేరు లేదు. ఆ చోట 'డిజైనర్' అని ఉంది. నొక్కాడు. ఉత్త నీలి తెర వచ్చింది, మూలన చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే ఉంది.

"సేఠ్, నా సామానేది?"

దుకాణం యజమాని మహిపాల్ గల్లాపెట్టె దగ్గర అగరుబత్తి ముట్టిస్తూ తల తిప్పకుండానే జవాబిచ్చాడు. "నిన్న మా బామ్మర్ది శ్రవణ్ కుమార్ వచ్చిండు గదనే. హైదరాబాద్‌ల కంప్యూటర్ కొలువు ఆయనది. మొత్తం సాఫ్ జేసిండు. నీ పేరు తీసేసి కొత్త అకౌంట్ పెట్టిండు. ఇగ సూడు ఎట్ల ఉరుకుతదో."

సాఫ్ చేశాడట! మనిషి సెలవునాడు ఇంట్లో ఉంటే, అడగకుండా చెప్పకుండా వచ్చి అతని పేరు తీసి పారేయడాన్ని సాఫ్ చేయడం అంటారా ఎవరైనా? తిమ్మప్ప ఆ మాట పైకి అనలేదు. గద్వాల పాత బస్టాండు పక్కన ఈ ఫ్లెక్సీ దుకాణంలో చేరినప్పటి నుంచి అతను పైకి అన్న మాటలు తక్కువే.

అంతకుముందు అతను గోడల మీద అక్షరాలు రాసేవాడు. పత్తి విత్తనాల ప్రకటనలు, బడి గోడల మీద సూక్తులు, బస్సు షెల్టర్ల మీద ఊరి పేర్లు. ఫ్లెక్సీలు వచ్చి కుంచెను మింగేశాయి. చేసేదేం లేక కుంచె పట్టిన చేత్తోనే మౌసు పట్టాడు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, నాయకుల స్వాగతాలు అన్నీ చేస్తాడు గానీ, అతని పనితనమంతా పోయినవాళ్ల ఫ్లెక్సీల్లోనే కనబడుతుంది. కూలికి పోయేవాళ్లకు మంచి ఫోటో ఎక్కడిది? ఏ పెళ్లి గుంపులోనో ఓ మూల నిలబడ్డ తల తెచ్చి ఇస్తారు. తిమ్మప్ప ఆ తలను వెంట్రుక పోకుండా చుట్టూ కోసి, మెడ కింద తెల్ల అంగి తొడుగుతాడు. ఆ అంగి అతనిదే. తమ్ముడి పెళ్లికని భార్య ఉమ కుట్టించింది. అది తొడుక్కుని ఫోటో దిగి, తన తల తానే కోసేసి, మిగతాది దాచుకున్నాడు. బతికినన్నాళ్లు ఇస్త్రీ బట్ట ఎరగనివాళ్లు రెండు నదుల నడుమ నడిగడ్డ ఊళ్లలో ఎన్నో గోడల మీద ఆ అంగితోనే ఉన్నారు. అసలు అంగి దుకాణంలోనే తలుపు మూల మేకుకు ఉంటుంది. పాస్‌పోర్టు ఫోటోకు చిరిగిన బట్టలతో వచ్చి సిగ్గుపడేవాళ్లకు తొడగడానికి పనికొస్తుంది.

కోసిన తలలన్నీ 'మొకాలు' అని పేరు పెట్టి తెర మీదే ఒక ఫోల్డర్‌లో దాచాడు. ఏడాది తిరిగితే ఆ ఇంటివాళ్లు మళ్లీ వస్తారు గదా. ఆ తెరే కంప్యూటర్ అనుకున్నాడు పిచ్చి మనిషి. ఇంకోచోట కూడా దాచుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు, తనకూ తోచలేదు.

అతనింకా నీలి తెర వైపే చూస్తుండగా సరోజ వచ్చింది. అమరచింత అవతలి పల్లె ఆమెది. భర్త యేసుబాబు పూణేలో బిల్డింగ్ పనిలో పరంజా విరిగి పడి చనిపోయాడు. రేపటికి ఏడాది. ఆమె చంకలోని పాత ఫ్లెక్సీ తీసి బల్ల మీద పరిచింది. ఎండకు మొకం రంగంతా వెలిసి తెల్లబడిపోయింది. అంగి, దాని గుండీలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

"సూడన్నా, ఎట్లయిందో. మా బిడ్డ రోజా పొద్దుగాల లేసి ఉత్త అంగికి దండం పెడుతుంది. రేపు ఇంట్ల ప్రార్థన ఉన్నది, ఊరోళ్లంత వస్తరు. మల్ల కొత్తది జేసియ్యి."

"ఇంకో ఫోటో లేదా చెల్లె?"

"యాడిది? ఫోను ఆయనతోనే నుజ్జయింది. పెండ్లి ఫోటోలు వానకు తడిసి అంటుకపోయినయి. ఆడి మేస్త్రి నీ మెయిల్‌కు పంపినదే ఒక్కటి, ఇప్పుడు ఆయన ఫోను గూడ కలుస్తలేదు."

మెయిల్! తిమ్మప్పకు ప్రాణం లేచి వచ్చింది. తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. పాత పేరు కింద అది దానంతటదే తెరుచుకునేది. పాస్‌వర్డ్ ఎప్పుడో ఒకసారి కొట్టాడు, అప్పుడే మరిచిపోయాడు. మరిచానని నొక్కితే, మీ నంబరుకు ఓటీపీ పంపామంది. అది దుకాణం పాత నంబరు. రీచార్జి దండగని మహిపాల్ ఏనాడో వదిలేశాడు. తిమ్మప్ప ఆ నంబరుకే ఫోన్ చేశాడు. ఎవరో ఎత్తారు.

"అన్నా, మీ ఫోన్‌కు ఇప్పుడొక ఓటీపీ వచ్చుంటది. జర చెప్తరా? పోయినాయన ఫోటో ఒకటి..."

"ఓటీపీనా? సిగ్గు లేదారా నీకు? పొద్దుపొద్దున్నే దొరికిన్నా? మల్ల చేసినవంటే పోలీసోళ్లకు పట్టిస్త!"

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. ఒకరి సొమ్ము ముట్టని మనిషి, పక్కన ఆడమనిషి వింటుండగా దొంగ అనిపించుకున్నాడు. ఆ తిట్టినవాడిదీ తప్పు కాదు, ఈ రోజుల్లో ఎవరైనా అట్లాగే తిడతారు. తిమ్మప్ప చెవులు ఎర్రబడ్డాయి. ఆ ఊపులోనే శ్రవణ్ కుమార్‌కు ఫోన్ కలిపాడు.

"డేటా ఏం పోలే అంకుల్. యూజర్స్‌ల నీ పాత పేరు మీద ఫోల్డర్ ఉంటది సూడు. అది తెరవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలె."

"జర చెప్పు బాబు, పుణ్యముంటది."

"ఫోన్‌ల ఎట్ల చెప్తా? సెక్యూరిటీ ఉంటది. ఆదివారం వస్త, సూద్దాం."

"రేపే కావాలె బాబు..."

"మీటింగ్‌ల ఉన్న అంకుల్, ఉంట."

వెతికితే ఫోల్డర్ నిజంగానే కనబడింది. దాని మీద తన పేరే ఉంది. నొక్కితే, మీకు అనుమతి లేదంది. తిమ్మప్ప మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే మాట. తన పేరున్న గదిలోకి తనకే అనుమతి లేదట!

మహిపాల్ విసుక్కున్నాడు. "ఆధార్ కార్డుది పెట్టు తిమ్మప్పా. ఎవడు సూడొచ్చిండు?"

సరోజ సంచిలోంచి ఆధార్ జిరాక్స్ తీసిచ్చింది. పెద్దది చేస్తే నల్లటి మరకలో రెండు కళ్లు మిగిలాయి. ఆమె దానివైపు చాలాసేపు చూసింది.

"ఈయన మా ఆయన గాదన్నా."

"అయితే శిలువ బొమ్మేసి పేరు రాయి," అన్నాడు మహిపాల్. "మీకు శిలువుంటే సాలు గదమ్మా?"

నోటికి ఎంతొస్తే అంత!  సరోజ గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుని, గోడ పక్కనున్న చిన్న బల్ల మీద కూచుంది. తిమ్మప్పకు డబ్బా విప్పబుద్ధి కాలేదు. మధ్యాహ్నం దాకా వేరేవాళ్ల పెళ్లి ఫ్లెక్సీలు చేశాడు, ఆమెవైపు చూడకుండా.

ఎండ కాస్త వాలాక దుకాణం ముందు జీపు ఆగింది. దిగినవాడు చెప్పులతోనే లోపలికొచ్చాడు. "సేఠ్, రేపు అన్న బర్త్‌డే. పోయినేడు గుర్రం మీద కూసోబెట్టినవు సూడు, గదే డిజైన్ గావాలె. పొద్దుమీకేసరికి ఊరంత కట్టాలె."

ఆ గుర్రం కూడా తిమ్మప్ప పాత పేరు కిందే ఉంది. మహిపాల్‌కు చెమటలు పట్టాయి. బామ్మర్దికి ఫోన్ కొట్టాడు. మొదటి రింగుకే ఎత్తాడు. అక్షరం అక్షరం విప్పి పాస్‌వర్డ్ చెప్పాడు. మీటింగ్ ఏమైంది? సెక్యూరిటీ ఏ గంగలో కలిసింది? పుట్టినరోజు చేసుకునేవాడికి ఒక్క ఫోన్‌తో పని అయింది. పోయినవాడి పెళ్లాం పొద్దుటి నుంచి నీళ్లు కూడా ముట్టకుండా కూచుంటే ఎవరికీ పట్టలేదు. తిమ్మప్ప పాస్‌వర్డ్ అక్షరాలు ఒక్కొక్కటీ టకటకా కొట్టాడు. 

ఫోల్డర్ తెరుచుకుంది. మొకాలన్నీ వరసగా వచ్చాయి. యేసుబాబు సన్నగా నవ్వుతున్నాడు. గడ్డం కింద హెల్మెట్ పట్టీ గీత ఉంది. నిరుడు ఆ గీత తుడిపేయబోతే సరోజే ఉండనియ్యమంది. తిమ్మప్ప ఆ మొకానికి అంగి తొడిగి, పేరు రాసి ప్రింటు మిషన్‌కు పంపాడు. తన పెన్‌డ్రైవ్ పెట్టి మొకాలన్నీ అందులోకి దించడం మొదలుపెట్టాడు.

"పిచ్చి లేసిందా తిమ్మప్పా? ముందు గుర్రం! వాళ్లు బయట నిలవడ్డరు!"

"నిలవడనియ్యి సేఠ్. ఈమె పొద్దుగాల నుంచి కూసున్నది."

"ఆ పెన్‌డ్రైవ్ ఏంది? దుకాణం నాది, మిషన్ నాది, కంప్యూటర్ నాది!"

"అవు, అన్నీ నీయే. మొకాలు నీయి గావు."

జీవితంలో మొదటిసారి అతని గొంతు రోడ్డు దాకా వినబడింది. జీపు వాడు కూడా తొంగి చూశాడు. 

ఫ్లెక్సీ బయటికొచ్చింది. సరోజ లేచి వచ్చి, అందులోని భర్త చెంప మీద చెయ్యి పెట్టబోయింది.

"రంగు తడి ఉన్నది చెల్లె, జర ఆగు. ఈసారి ఎండ తగలని కాడ కట్టుకో."

ఆరాక అతనే చుట్టి ఇచ్చాడు. ఆమె దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకుంది. "పోదాం పా," అంది మెల్లగా. తిమ్మప్పతో అనలేదు ఆ మాట. మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్లింది.

తిమ్మప్ప గుర్రం డిజైన్ తెర మీద తెరిచి పెట్టాడు. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని, విప్పని డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"గుర్రం తీసి పెట్టిన సేఠ్. ప్రింటు కొట్టుకో."

"మల్ల రేపు...?" అన్నాడు మహిపాల్. తిమ్మప్ప తల అడ్డంగా ఊపాడు. ఉమకు ఏం చెప్పాలో తేల్చుకోకుండానే రోడ్డెక్కి ఆటోల మధ్య కలిసిపోయాడు.

చీకటి పడ్డాక ఆఖరి గుర్రం కూడా జీపెక్కింది. మహిపాల్ దీపాలార్పి, ఫ్యాను సంగతి మరిచి షట్టర్ దించాడు. లోపల, తలుపు మూల మేకుకు, మెడ దాకా గుండీలు పెట్టుకుని తెల్ల అంగి ఊగుతూనే ఉంది.