హుస్సేన్ డకోటా

చిలకలూరిపేటలో విమానాలంటే లక్ష్మీకాంత్. ఈ మాట ఆయన తనంతట తాను చెప్పుకున్నది కాదు గానీ, ఎవరైనా అంటే వద్దన్న పాపాన కూడా పోలేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఇరవై ఏళ్ళుగా థర్మోకోల్ అట్టలతోనూ, బెండులా తేలిగ్గా ఉండే బల్సా చెక్కతోనూ చిన్న చిన్న విమానాలు చేసి, ఆదివారాలు పొద్దున్నే ఊరి బయట మిరపకాయలు ఎత్తేసిన కల్లాల్లో రిమోట్‌తో ఎగరేస్తాడు. సైన్సు ఎగ్జిబిషన్‌కీ ఆయనే, స్కూలు వార్షికోత్సవానికీ ఆయనే. రోడ్డు అవతల నుంచి ఎవరైనా "విమానాల మాస్టారూ" అని పిలిస్తే వెంటనే తిరగడు. రెండోసారి పిలిపించుకుని తిరుగుతాడు. ఆ ముచ్చట అలాంటిది.

ఆ ముచ్చటకి ఎసరు పెట్టినవాడు మీరా హుస్సేన్.

హుస్సేన్ హైవే పక్కన పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో ఫిట్టరు. నలభై దాటలేదు, నెమ్మదైన మనిషి. కిందటేడు వేసవిలో ఒక ఆదివారం కల్లం దగ్గరికొచ్చి, లక్ష్మీకాంత్ విమానం దిగేదాకా నోరు తెరుచుకుని చూసి, "మాస్టారూ, నాకూ ఒకటి చెయ్యాలనుందండి. చిన్నదైనా సరే. నేర్పుతారా?" అని అడిగాడు. చుట్టూ ఓ పదిమంది ఉన్నారు. పదిమంది ముందు అడిగితే గొప్పలకి పోయే రోగం ఉంది లక్ష్మీకాంత్‌కి.

"చిన్నవాటితో ఏం నేర్చుకుంటావయ్యా! చేస్తే పెద్దదే చెయ్యాలి," అంటూ హుస్సేన్‌ని ఇంటికి తీసుకెళ్ళి, బీరువా మీద నుంచి పొడుగాటి అట్ట గొట్టం ఒకటి దించి చేతిలో పెట్టాడు.

అందులో ఉన్నది డకోటా విమానం ప్లాను. పాతకాలపు రెండింజన్ల విమానం, అసలుదానిలో పన్నెండో వంతు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి ఎనిమిదడుగులు. రెండు మోటార్లు, లోపలికి మడుచుకునే చక్రాలు, కోసి అంటించాల్సిన చెక్క ముక్కలు వందల్లో. లక్ష్మీకాంత్ దాన్ని పదకొండేళ్ళ కిందట ముచ్చటపడి తెప్పించుకున్నాడు. ఈ పదకొండేళ్ళలో నాలుగుసార్లు బల్ల మీద పరిచాడు. పరిచిన ప్రతిసారీ గుండె జారిపోయి మళ్ళీ చుట్టేశాడు. మరి అంత అపురూపమైనదాన్ని ఎందుకిచ్చాడయ్యా అంటే, అక్కడే ఉంది తిరకాసు. పదిరోజుల్లో హుస్సేన్ చేతులెత్తేస్తాడు, గొట్టం పట్టుకొచ్చి "ఇది మనుషులు చేసేది కాదండీ మాస్టారూ" అంటాడు. ఆ ఒక్క మాట వేరేవాడి నోట వింటే, పదకొండేళ్ళ పిరికితనం కాస్తా తెలివితేటల కింద మారిపోతుంది. అదీ ఆయన లెక్క.

పదిరోజులయ్యాయి. నెలయింది. గొట్టం రాలేదు.

ఉండబట్టలేక లక్ష్మీకాంతే మిల్లుకి పోయాడు. సీజను అయిపోయి మిల్లు నిద్రపోతోంది. వెనక షెడ్డులో హుస్సేన్ పొడుగాటి ఇనప బల్ల మీద ప్లాను పరిచి, ఎడమ రెక్క పక్కటెముకలు, అంటే లోపలి అడ్డు చెక్కలు, నిలబెడుతున్నాడు. ప్రతి ముక్కకీ రెండు వైపులా చిన్న ఇనప దిమ్మలు ఆనించి, మట్టం పెట్టి చూసి, అప్పుడు జిగురు పూస్తున్నాడు. జిన్నింగ్ మిషన్లో తోలు రోలరుకీ బ్లేడుకీ మధ్య సందు వెంట్రుకవాసి తేడా వస్తే గింజ నలిగి దూదంతా పాడవుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ సందు సరిచేసిన చేతులవి. లక్ష్మీకాంత్ చేసే రెక్కల్లో ఏదో ఒక ఎముక వంకర పోతుంది, పైన కాయితం అంటించి ఆ వంకర కప్పేస్తాడు. ఇక్కడ కప్పాల్సింది ఏమీ లేదు. ఒక కన్ను మూసి ఈ చివర నుంచి చూస్తే ఎముకలన్నీ ఒకే ఎముకలా కనపడుతున్నాయి.

"ఎట్టా ఉందండీ మాస్టారూ?"

"ఊఁ, ఫర్లేదు," అన్నాడు లక్ష్మీకాంత్. కడుపులో ఎండుకారం పోసినట్టయింది.

ఆ మధ్యాహ్నం అన్నం కెలికి వదిలేస్తుంటే భార్య శ్యామలాంబ చూసింది. "హుస్సేన్ విమానం చూసొచ్చారా?" అంది.

"చూశాను. ఏదో తిప్పలు పడుతున్నాడు పాపం."

"పాపం ఎవరికండీ, అతనికా, మీకా? ఇంకాస్త మజ్జిగ పోసుకోండి, మంట తగ్గుతుంది."

"నాకేం మంట? నాకెందుకు మంట?" అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. లేచిపోయినవాడు ఊరుకున్నాడా? వారానికి రెండుసార్లు మిల్లుకి పోవడం మొదలుపెట్టాడు. చూడకపోతే మనసు ఊరుకోదు, చూస్తే ఒళ్ళు మండుతుంది. పోయిన ప్రతిసారీ ఏదో ఒక తప్పు దొరుకుతుందని ఆశ. దొరికేది కాదు. పైగా హుస్సేన్ ఏదైనా అనుమానం అడిగితే చెప్పకుండా ఉండలేడు, పాతికేళ్ళు పాఠం చెప్పిన నోరు కదా! చెప్పేసి, దారి పొడుగునా తన నోటిని తనే తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు.

అలాగే ఒకరోజు తూకం చూడటం నేర్పాడు. రెక్కల కింద గుర్తు పెట్టిన చోట చెరో వైపు వేలు ఆనించి ఎత్తితే విమానం నిలబడాలి, ముక్కు ఒక్క పిసరు కిందికి వంగాలి. "గరిమనాభి అంటారయ్యా దీన్ని. ఇది కుదరలేదా, దేవుడు దిగొచ్చినా ఎగరదు. తోక బరువెక్కితే ఇంక అంతే సంగతులు, లేచి లేవగానే వెనక్కి తిరగబడుతుంది," అన్నాడు. హుస్సేన్ మిల్లు కూలీ ఒకతన్ని అవతల రెక్కకి సాయం పెట్టుకుని ఎత్తాడు. డకోటా ముక్కు బుద్ధిగా ఒక్క పిసరు వంగింది. మొదటిసారికే! లక్ష్మీకాంత్‌కి ఏనాడూ మొదటిసారికి వంగలేదు.

మళ్ళీ పత్తి సీజను వచ్చింది, పోయింది. ఏడాది తిరిగేసరికి డకోటా సంగతి ఊరంతా పాకింది. టీకొట్టు దగ్గర అదే మాట, కాలేజీ స్టాఫ్‌రూములో అదే మాట. "మాస్టారూ, హుస్సేన్ విమానం ఎనిమిదడుగులంట కదండీ! మీరెప్పుడు చేస్తారండీ అంతది?" అని అటెండరు కూడా అడిగాడు. వాడు అమాయకంగానే అడిగాడు. లక్ష్మీకాంత్‌కి మాత్రం ఆ క్షణంలో అంతా తేటతెల్లమైంది. ఆ విమానం లేచిన రోజున పేటలో విమానాలంటే హుస్సేన్. ఇరవై ఏళ్ళ పేరు ఇరవై నిమిషాల్లో చేతులు మారుతుంది. లేవకపోతే ఏ గొడవా లేదు.

ఏప్రిల్లో రంగులు మొదలయ్యాయి. వేసేది వాసిం, హుస్సేన్ బావమరిది, లారీ పెయింటరు. లక్ష్మీకాంత్ కుర్చీ వేయించుకుని పక్కనే కూచున్నాడు. వాసిం రెక్కలకీ ముక్కుకీ వెండిరంగు పల్చగా ఒక్క కోటు లాగించేసి, తోక దగ్గరికొచ్చి చొక్కా చేతులు పైకి మడిచాడు. లప్పం పెట్టి, ఉప్పుకాయితంతో రుద్ది, మళ్ళీ లప్పం పెట్టాడు. దాని మీద ఎరుపు రెండు కోట్లు. దాని మీద పసుప్పచ్చ పట్టీలు. పట్టీల మధ్య తామరపువ్వు, ఇటొక నెమలి, అటొక నెమలి.

"అదేంటయ్యా, పనితనమంతా తోక మీదే చూపిస్తున్నావు?" అన్నాడు లక్ష్మీకాంత్.

"బండికి అందమంతా వెనకాలే కదండీ మాస్టారూ! ముందెవడు చూస్తాడు? ఎనకొచ్చేవాడే కదా చూసేది!"

పదిహేనేళ్ళు లారీల వెనక తలుపుల మీద నెమళ్ళు వేసినవాడు ఇంకేమంటాడు? లక్ష్మీకాంత్ నవ్వబోయి ఆగాడు. రంగు బరువు, లప్పం బరువు. తోక ఎక్కడో చివర ఉంది, అక్కడ పడ్డ ఒక్కో గ్రాముకీ ముక్కులో మూడు గ్రాములు సర్దాలి. రంగులయ్యాక తూకం మళ్ళీ చూసుకోవాలి. ఈ మాట ప్లానులో లేదు, విమానాలు చేసేవాడెవడికైనా తెలిసిందే కాబట్టి రాయలేదు. పేటలో ఆ తెలిసినవాడు ఒక్కడే, కుర్చీలో కూచున్నాడు.

చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. అప్పుడే హుస్సేన్ టీ గ్లాసులతో వచ్చి, "నెమళ్ళు బాగున్నాయాండీ?" అన్నాడు, మొహమంతా వెలుగుతో.

"బ్రహ్మాండం," అన్నాడు లక్ష్మీకాంత్. "పైన వార్నీషు ఇంకో కోటు వేయించు. ఎండకి ధగధగలాడిపోతుంది."

ఛీ, ఎంత మాట! తన నోట్లోంచేనా వచ్చింది అని ఇంటికి చేరేదాకా నమ్మలేకపోయాడు. నమ్మాక మాత్రం, చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

ఎగరేసే రోజు మే నెలలో ఆదివారం కుదిరింది. ఈలోపు లక్ష్మీకాంత్ ఖాళీగా కూచోలేదు. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాడు. "మొదటిసారి కదా హుస్సేనూ, ఇలాంటివి మామూలే. నేనూ ఎన్ని కూల్చుకున్నానో!" భుజం మీద చెయ్యి ఎక్కడ వెయ్యాలో కూడా అనుకున్నాడు.

పొద్దున ఆరున్నరకి, గాలి లేవకముందే, మిల్లు ముందున్న సిమెంటు యార్డులో రెండొందల మంది చేరారు. సీజన్లో పత్తి గుట్టలు పోసే చోటు, ఇప్పుడు ఊడ్చి కడిగి పెట్టారు. మధ్యలో డకోటా, ముక్కెత్తి, తోక కింద చిన్న చక్రం మీద కూచుని ఉంది. ఎంత బాగుందంటే, లక్ష్మీకాంత్‌కి కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు. పదకొండేళ్ళు కాయితం మీద గీతలుగా చూసింది కళ్ళముందు నిలబడింది. నాది, అనుకున్నాడు. నాదవ్వాల్సింది.

హుస్సేన్ రిమోట్ తెచ్చి రెండు చేతులతో ఆయనకిచ్చాడు.

"మీరే లేపాలండీ మాస్టారూ. నాకు ఎగరేయడం ఏమొచ్చండీ? మొదటి చెయ్యి మీదే పడాలి."

ఇది లక్ష్మీకాంత్ లెక్కలో లేదు. ఇన్నాళ్ళూ కూలేది హుస్సేన్ విమానం అనుకున్నాడే తప్ప, కూల్చేది ఎవరి చెయ్యో ఆలోచించలేదు. "నాకెందుకయ్యా, నువ్వే..." అనబోయాడు. జనం అప్పుడే చప్పట్లు మొదలుపెట్టారు.

చేసేదిలేక తీసుకున్నాడు. మోటార్లు రెండూ గుయ్‌మని లేచాయి. డకోటా కదిలింది, పరుగెత్తింది. ఆ వేగానికి తోక పైకి లేవాలి. లేవలేదు. అటూ ఇటూ ఊగుతూ నేలనే రాసుకుంటూ పోతోంది. ఇంకొక్క అర క్షణం వేళ్ళు ముందుకి నెడితే గాల్లోకి లేస్తుంది, లేచి తిరగబడుతుంది, ఏడాది పని పుల్లలు పుల్లలవుతుంది. పరువు పోతుందన్న భయమో, అంత అందమైనదాన్ని చంపలేని బాధో, రెండూనేమో. బొటనవేలు వెనక్కి లాగేశాడు. మోటార్లు ఆగిపోయాయి.

"తోక బరువు హుస్సేనూ," అన్నాడు. ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. మళ్ళీ అన్నాడు, "తోక బరువు. ఎత్తి చూడు."

హుస్సేన్, వాసిం చెరో పక్కా వేళ్ళు పెట్టి ఎత్తారు. నెమళ్ళు రెండూ దబ్బున కిందికి జారాయి. వాసిం మొహం చిన్నబోయింది. హుస్సేన్ షెడ్డులోకి పోయి జిన్నింగ్ మిషను నట్లు గుప్పెడు తెచ్చాడు. ముక్కు మూత తీసి ఒక్కొక్కటే పేర్చి, పద్నాలుగో నట్టుకి ముక్కు వంగాక, కదలకుండా కట్టి మూత బిగించాడు. మళ్ళీ రిమోట్ మాస్టారి చేతికే ఇచ్చాడు.

ఈసారి పది గజాలకే తోక లేచింది. ఆ వెంటనే చక్రాలు నేల విడిచాయి. వెండి రెక్కలు మిల్లు గొట్టం మీదుగా, హైవే దిక్కుకి పోకుండా, పత్తికట్టె పీకేసిన నల్లరేగడి చేల మీదికి మళ్ళాయి. ఎంత మెత్తగా మాట వింటోంది! లక్ష్మీకాంత్ చేసిన విమానాలన్నీ మొండికేసేవి, బతిమాలి తిప్పాల్సి వచ్చేది. ఇది వేలు ఆనించేలోపే అర్థం చేసుకుంటోంది. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ అది ఎవరిదో మరిచిపోయాడు, రెండొందల మందిని మరిచిపోయాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత దాన్ని యార్డులోకి దించాడు, చక్రాలు తాకిన చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు.

జనం ఒక్కసారిగా ఉరికారు. హుస్సేన్ దగ్గరికి. అతన్ని ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. "హుస్సేనూ, అదరగొట్టావ్ రా!" అని ఒకటే కేకలు. లక్ష్మీకాంత్ రిమోట్ పట్టుకుని ఒక్కడే మిగిలాడు. ఇందాకటి నీళ్ళు ఇంకా ఆరలేదు, అప్పుడే కడుపులో కారం మళ్ళీ రాజుకుంది. ఏం జన్మయ్యా ఇది, అనుకున్నాడు.

సందడి సద్దుమణిగాక హుస్సేన్ ఒక్కడే వచ్చాడు.

"ఇంకో కోటు వార్నీషు వేయించమన్నారు కదండీ మాస్టారూ. తోక బరువెక్కుద్దని అప్పుడు మీకు తెలుసాండీ?"

తెలీదు, ఇప్పుడే తట్టిందయ్యా అనొచ్చు. నమ్మేస్తాడు, అలాంటి మనిషి. మాట నాలిక చివరికొచ్చింది కూడా. కానీ ఆ విమానం తన మాట విన్న తీరు ఇంకా వేళ్ళలోనే ఉంది. అబద్ధం పైకి రాలేదు.

"తెలుసు," అన్నాడు లక్ష్మీకాంత్.

"మరెందుకండీ?"

"నావల్ల కానిది నీవల్ల అయింది కదా. ఓర్చుకోలేకపోయాను."

హుస్సేన్ కోప్పడలేదు, గొంతు పెంచలేదు. ఆయన చేతిలోంచి రిమోట్ తీసుకుని, మెడలో తువ్వాలుతో తుడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"వస్తానండీ, లక్ష్మీకాంత్ గారూ," అన్నాడు.

పేట మొత్తం మీద ఆయన్ని అలా పేరు పెట్టి పిలిచేది బ్యాంకువాళ్ళూ, గ్యాసు బండవాళ్ళూ మాత్రమే. ఇప్పుడు హుస్సేన్.