పై వీధి, కింది వీధి

ఆ రోజు చీటీ తీసింది ఆఫీసరు చెయ్యా, పైవాడి చెయ్యా అన్న అనుమానం సర్వే మాస్టారిని ఏళ్ల తరబడి వదల్లేదు. పేద కుటుంబాలకు నెలనెలా కొంత డబ్బిస్తే బతుకులు బాగుపడతాయో లేదో తేల్చాలని ఒక పథకం పెట్టారు. చీటీల్లో పై వీధి పేరొచ్చింది, వాళ్లకు డబ్బు. కింది వీధికి ఏమీ లేదు. పోల్చి చూడ్డానికి ఎవరో ఒకరుండాలి కదా, అందుకని ప్రశ్నలు మాత్రం రెండు వీధులకూ. ఏటా వెళ్లి అడిగేది మాస్టారే. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆ చీటీ సంగతి అడగాలనుకుంటాడు, అడక్కుండానే లేచిపోతాడు.

కింది వీధిలో మొదటి గది ఇస్త్రీ చేసే ఆవిడది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. బొగ్గుల పెట్టె తోస్తూనే జవాబులు చెప్పేది.

“ఏడాదికోసారి వచ్చి మా పొట్ట సంగతి కనుక్కునే చుట్టం మీరొక్కరే అన్నయ్యా,” అనేది.

గడిచిన వారంలో ఏ పూటైనా పస్తున్నారా అంటే ఏటా ఒకటే జవాబు, లేదని. మాస్టారు అదే రాసుకునేవాడు. ఎలా నెగ్గుకొస్తున్నారన్న ప్రశ్న కాగితంలో లేదు.

ఈసారి ఆఖరి సర్వే. పథకం ఉండేదీ ఊడేదీ దీంతోనే తేలుతుందని పై వీధి అంతా బిక్కుబిక్కుమంటోంది. ఇస్త్రీ ఆవిడ అక్క ఉండేది అక్కడే. ఆమె మొగుడు పరంజా మీంచి పడి మంచాన ఉన్నాడు. అతని మందులు ఆ డబ్బుతోనే.

మాస్టారు ఉండబట్టలేక ఇస్త్రీ ఆవిణ్ణి అడిగేశాడు, ఎలా గడుస్తోందమ్మా అని.

“మా అక్కుందిగా. డబ్బు పడ్డ రోజే బియ్యం తెచ్చి సగం నాకు పోస్తుంది. ఈ వీధిలో అందరికీ ఆ వీధిలో ఎవరో ఒకరున్నారు. వాళ్లు తింటుంటే మేం గోడ మీంచి చూస్తూ కూర్చుంటామా?”

మాస్టారికి అప్పుడు అర్థమైంది. రెండు వీధులూ ఒక్కలాగే తిన్నాయి. అంటే డబ్బిచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే అని తేలుతుంది. పంచుకోవడమే వాళ్ల కొంప ముంచింది.

ఆఫీసరుకు అంతా విడమర్చి చెప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు, చివరిదాకా విన్నాడు.

“నిజమే కావచ్చు మాస్టారూ. కానీ ప్రశ్నల్లో లేనిదాన్ని లెక్కలోకి ఎలా తెమ్మంటారు? మళ్లీ మొదట్నించీ చెయ్యాలంటే డబ్బెవరిస్తారు?”

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదు, పథకం ఆపేస్తున్నాం అని. ఆ మాట కాగితం చెప్పేకన్నా మనిషి చెప్పడం నయమనుకుని మాస్టారే పై వీధికి వెళ్లాడు. గుమ్మంలో కూర్చున్న అక్క అంతా విని, లోపల మంచం వైపు చూసి మెల్లగా అడిగింది.

“అయితే నేను చెల్లికి పెట్టకుండా ఉంటే డబ్బు ఆగేది కాదా?”

దేవుణ్ణి అడగలేని ప్రశ్న ఇప్పుడు మాస్టారి ముందుకే వచ్చి కూర్చుంది.

కబురు అప్పటికే కింది వీధికి చేరినట్టుంది. చెల్లెలు కొంగు చాటున గ్లాసుతో వచ్చింది.

“మొట్టమొదటిసారి అప్పని తీసుకున్నా చూడు, ఆ గ్లాసుడు బియ్యం.”

“ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా నీకు? మరి పిల్లలకో?”

“ఉన్నాయి,” అంది చెల్లెలు, సర్వేలో పస్తు లేదని చెప్పినంత తడుముకోకుండా.

అక్క ఆమె మొహంలోకి కాసేపు చూసింది. బియ్యం గిన్నెలో ఒంపుకుని, గ్లాసు కడిగి తిరిగి ఇచ్చేసింది.